చేతులు కాలకముందే ఆకులు

పిల్లలూ! మీ ఇళ్ళల్లోనో, ఇరుగుపొరుగునో "24 గంటల నొప్పి" అనే మాట వినే ఉంటారు. డాక్టర్లు దాన్ని అపెండిసైటిస్ అంటారు. మన సైన్సు పుస్తకాల్లో ఉండుకం అని రాసే చిన్న అవయవం వాచిపోవడమే ఈ జబ్బు. ఆపరేషన్ చేసి ఆ ఉండుకాన్ని తీసివేస్తే సాధారణంగా బాధ వదిలిపోతుంది. అయితే ఆ ఆపరేషన్‌కు కొద్ది నిమిషాల ముందు చేసే ఒక సూదిమందు ఉంది. దాని కథ చాలామందికి తెలియదు. ఈ నెల ఆ కథ చెప్పుకుందాం.

దసరా సెలవులకు ముందు మా స్కూల్లో తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. సాయంత్రానికి ఆ నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. వాంతి అయింది. ఒళ్ళు వెచ్చబడింది. పేగులు శుభ్రపడితే తగ్గుతుందని నాయనమ్మ ఆముదం పట్టబోయింది. తండ్రి వద్దని వారించి ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఆ రాత్రే ఆపరేషన్ జరిగింది. మూడో రోజుకల్లా కుర్రవాడు ఇంటికి వచ్చేశాడు.

నేను చూడడానికి వెళ్ళగానే నాయనమ్మ తన ఫిర్యాదు నా ముందు పెట్టింది.

"ఏం వైద్యమో మాష్టారూ! కడుపు కొయ్యకముందు ఏదో సూదిమందు పొడిచారట. కోసిన తర్వాత పుండు మానడానికి ఒక్క బిళ్ళైనా రాసివ్వలేదు. నొప్పికి నాలుగు బిళ్ళలిచ్చి పొమ్మన్నారు. మందుల షాపులో అడిగి బలమైన బిళ్ళలు తెమ్మంటే వీళ్ళ నాన్న వినడంలేదు. మీరైనా చెప్పండి."

కుర్రవాడి సందేహం ఇంకోటి. "గాయమే లేనప్పుడు గాయానికి మందెందుకు సార్?" అన్నాడు.

చూశారా! ముందు ఎందుకిచ్చారని మనవడు అడుగుతున్నాడు. తర్వాత ఎందుకివ్వలేదని నాయనమ్మ అడుగుతోంది. నిజానికి ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే.

మా అన్నయ్య పోగొట్టుకున్న ఏడాది

వాళ్ళ మాటలు వింటుంటే నాకు మా అన్నయ్య గుర్తుకొచ్చాడు. అది 1981. అన్నయ్య పదో తరగతి, నేను ఆరో తరగతి. అన్నయ్యకూ ఇదే ఆపరేషన్ అయింది. తర్వాత రోజూ రెండు పూటలా ఇంజక్షన్లు చేశారు. ముందు మాత్రం ఏమీ ఇవ్వలేదని నాన్న చెప్పేవారు. అయిదో రోజున గాయం ఎర్రబడి వాచింది. కుట్లు విప్పితే చీము కారింది. ఆ తర్వాత ప్రతి ఉదయం గాయాన్ని కడిగి గాజుగుడ్డ కుక్కి కట్టు కట్టేవారు. కట్టు మార్చే వేళకు అన్నయ్య తువ్వాలు పళ్ళ మధ్య బిగించి పట్టుకునేవాడు. నేను వరండాలోకి పారిపోయేవాణ్ణి. అలా మూడు వారాలకు పైగా ఆస్పత్రిలోనే గడిచాయి. పబ్లిక్ పరీక్షలు పోయాయి. దాంతో ఒక ఏడాది చదువు పోయింది.

ఒక్క మా అన్నయ్య కథను బట్టి శాస్త్రం తేలదు. ముందు మందు ఇవ్వనివారిలోనూ చాలామందికి గాయాలు చక్కగా మానేవి. ఇచ్చినవారిలోనూ కొందరికి చీము పడుతుంది. నిజం తేలాలంటే వందలమందిని, వేలమందిని లెక్కపెట్టి పోల్చాలి. శాస్త్రజ్ఞులు ఆ పనే చేశారు. ముందుగా ఆ ఉండుకం సంగతి చూద్దాం.

వేలంత పేగు, కోట్ల క్రిములు

మన చిన్నపేగు కుడివైపు పొత్తికడుపులో పెద్దపేగుతో కలుస్తుంది. ఆ కలిసేచోట పెద్దపేగు మొదలు ఒక సంచిలా ఉంటుంది. ఆ సంచికి వేలాడుతూ ఉండే సన్నని గొట్టమే ఉండుకం. పొడవు సుమారు 8 నుంచి 10 సెంటీమీటర్లు, అంటే దాదాపు మీ చూపుడు వేలంత. ఒక చివర పెద్దపేగులోకి తెరుచుకుని ఉంటుంది, రెండో చివర మూసుకుని ఉంటుంది. ఒక్క వాకిలే ఉన్న ఇల్లన్నమాట!

ఆ వాకిలికి గట్టిపడిన మలం ముక్కో, లోపలి గోడ వాపో అడ్డుపడితే చిక్కు మొదలవుతుంది. లోపల ఊరే ద్రవానికి బయటికి దారి ఉండదు. గొట్టం ఉబ్బుతుంది. ఉబ్బిన గోడకు రక్తం సరిగా అందదు. లోపలున్న సూక్ష్మజీవులు పెరిగి గోడను తినేస్తాయి. చివరకు గొట్టం పగలవచ్చు. పగిలితే లోపలి మురికంతా కడుపులోకి చిమ్ముతుంది. అది ప్రాణాపాయం. ఇలాంటప్పుడు ఆముదంలాంటి విరేచనపు మందు పేగులను బలంగా కదిలించి ఆ ముప్పును పెంచవచ్చు. అందుకే ఆ తండ్రి వారించడం మంచిదయింది.

ఇక క్రిముల సంగతి. పెద్దపేగులోని ఒక గ్రాము మలంలో సుమారు పదివేల కోట్ల బాక్టీరియాలు ఉంటాయి. ఆశ్చర్యపోకండి! అవి పేగులో ఉన్నంతకాలం చాలావరకు మనకు స్నేహితులే. ఆహారంలో మనం అరిగించుకోలేని భాగాన్ని అవి అరిగిస్తాయి, కొన్ని విటమిన్లు తయారుచేస్తాయి. కానీ అవే పేగు దాటి, కోసిన కండలోకి, కొవ్వులోకి చేరాయంటే శత్రువులవుతాయి. చెరువులో ఉన్నంతసేపు నీళ్ళు మేలే, గట్టు తెగి పొలం మీద పడితే కదా ముప్పు!

శుభ్రత ఒక్కటే చాలలేదు

ఒకప్పుడు ఆపరేషన్ అయిన గాయానికి చీము పట్టడం మామూలు విషయమని వైద్యులే అనుకునేవారు. సూక్ష్మజీవుల గురించి లూయీ పాశ్చర్ చెప్పిన విషయాలు చదివిన జోసెఫ్ లిస్టర్ అలా ఊరుకోలేదు. ఆయన స్కాట్లండులోని గ్లాస్గోలో శస్త్రవైద్యుడు. 1865లో, బండిచక్రం ఎక్కి కాలి ఎముక విరిగిన 11 ఏళ్ళ కుర్రవాడి గాయానికి ఆయన కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డతో కట్టుకట్టాడు. గాయం కుళ్ళలేదు. ఆరు వారాల్లో కాలు అతుక్కుంది. 1867లో లిస్టర్ తన పద్ధతిని ప్రచురించాడు. తర్వాతి కాలంలో పనిముట్లను ఆవిరిలో ఉడికించడం, చేతులు బాగా రుద్ది కడుక్కోవడం, రబ్బరు తొడుగులు వేసుకోవడం అలవాటయ్యాయి.

1886లో అమెరికాలో రెజినాల్డ్ ఫిట్జ్ అనే వైద్యుడు ఈ కడుపునొప్పికి మూలం ఉండుకమేనని, దాన్ని ఆలస్యం చేయకుండా తీసివేయాలని చెప్పి, అపెండిసైటిస్ అని పేరుపెట్టాడు. అప్పటినుంచి ఈ ఆపరేషన్లు పెరిగాయి. చీము బాధ మాత్రం పూర్తిగా పోలేదు.

ఎందుకు పోలేదో మీరు ఊహించగలరా? లిస్టర్ చూపిన దారి బయటినుంచి వచ్చే క్రిములను ఆపుతుంది. ఇక్కడ క్రిములున్నది రోగి పేగులోనే! గది గోడలు కడిగినా, పనిముట్లు ఉడికించినా, ఉండుకం లోపలి క్రిములను చంపలేము కదా. వాటిని ఎదుర్కొనేందుకు రక్తంలో కలిసి ఒంట్లోకి వెళ్ళే మందు కావాలి.

మందు దొరికింది, మేలు మాత్రం కనబడలేదు

అలాంటి మందుకు 1928లో బాట పడింది. లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక బూజు చుట్టూ బాక్టీరియా చచ్చిపోయి ఉండడం గమనించాడు. 1940 మే నెలలో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, హీట్లీల బృందం ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన బాక్టీరియాను ఎక్కించి, నాలుగింటికి మాత్రమే పెన్సిలిన్ ఇచ్చింది. తెల్లవారేసరికి మందు ఇవ్వని నాలుగూ చనిపోయాయి.

ఈ కథలో మన తెలుగువాడి పాత్ర కూడా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకుడు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందును కనుగొన్నాడు. అది 1948లో వెలుగులోకి వచ్చింది. రకరకాల బాక్టీరియాలపై పనిచేసే తొలి మందుల్లో అదొకటి. ఇలా సూక్ష్మజీవులను అణచే మందులనే ఆంటీబయాటిక్స్ అంటున్నాం.

ఇక ఆపరేషన్ గాయాలకు చీమన్నది ఉండదని అందరూ అనుకున్నారు. కానీ 1950ల్లో చాలా ఆస్పత్రులకు నిరాశే మిగిలింది. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి మందు ఇచ్చినా చీము పడుతూనే వచ్చింది. ఆపరేషన్‌లో ఈ మందులవల్ల లాభం లేదని కొందరు తేల్చేశారు కూడా.

మందు మంచిదే. మరి లోపం ఎక్కడ?

మూడు గంటల గడువు

జవాబు 1961లో దొరికింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో జాన్ బర్క్ అనే శస్త్రవైద్యుడు గినీ పందుల చర్మంలోకి స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియాను ఎక్కించాడు. అన్నిటికీ మందు పెన్సిలినే. తేడా అల్లా వేళలోనే. కొన్నిటికి బాక్టీరియా ఎక్కించకముందే మందిచ్చాడు. కొన్నిటికి అదే సమయానికి, కొన్నిటికి గంట తర్వాత, కొన్నిటికి ఇంకా ఆలస్యంగా ఇచ్చాడు. మర్నాడు చర్మం మీద లేచిన వాపులను కొలిచాడు.

ముందుగా మందు అందిన వాటిలో వాపు అతి చిన్నది. చచ్చిన బాక్టీరియాను ఎక్కిస్తే ఎంత వాపు వస్తుందో అంతే వచ్చింది. మందు ఆలస్యమైన కొద్దీ వాపు పెరిగింది. మూడు గంటలు దాటాక ఇస్తే, మందు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే!

ఎందుకలా? ఒక చిన్న లెక్క చేద్దాం. అన్నీ అనుకూలిస్తే కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతాయి. అంటే ఒక్క బాక్టీరియా గంటకు 8 అవుతుంది. రెండు గంటలకు 64. మూడు గంటలకు 512. ఆరు గంటలకు 2,62,144! ఒంట్లో తెల్లరక్తకణాలు అడ్డుకుంటాయి కాబట్టి ఇంత వేగంగా పెరగకపోవచ్చు. అయినా పోరు ఎటు తిరిగేదీ ఆ తొలి గంటల్లోనే తేలిపోతుంది. క్రిములు కొద్దిగా ఉన్నప్పుడే మందు వాటిని తగ్గిస్తే, మిగిలినవాటిని మన తెల్లరక్తకణాలే మింగేస్తాయి.

ఇంకో సంగతి. మందును గాయానికి మోసుకుపోయేది రక్తమే. కోతపడ్డచోట రక్తనాళాలు తెగి మూసుకుపోతాయి, రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డల్లో క్రిములు దాగితే తర్వాత ఇచ్చిన మందు వాటిని చేరడం కష్టం. ముందే ఇస్తే, గడ్డకట్టే రక్తంలోనే మందు ఉంటుంది!

ఇక్కడిదాకా చెప్పేసరికి నాయనమ్మ బుగ్గన వేలేసుకుంది. "అయితే చేతులు కాలకముందే ఆకులు పట్టుకున్నారంటారు!" అంది. ఇన్ని మాటల్లో నేను చెప్పినదాన్ని ఆమె ఒక్క సామెతలో చెప్పేసింది.

గాలి గిట్టని క్రిములు

వేళ తెలిసింది. ఏ మందు ఇవ్వాలన్నది కూడా తేలాలి కదా! పెద్దపేగులో ఈ. కోలై అనే బాక్టీరియా ఉంటుందని 1885లో ఎశ్చరిక్ కనుగొన్నప్పటినుంచీ తెలుసు. కానీ అక్కడ దానికంటే వందల రెట్లు ఎక్కువగా ఉండేవి వేరే రకం. వాటికి ప్రాణవాయువు గిట్టదు. గాలి తగిలితే పెరగవు. కాబట్టి మామూలు పద్ధతుల్లో ప్రయోగశాలలో పెంచబోతే కనబడేవి కావు. బాక్టీరాయిడిస్ అలాంటిదే. చాలా ఆంటీబయాటిక్స్‌కు అది లొంగదు.

దానికి విరుగుడు అనుకోని దారిలో వచ్చింది. మెట్రోనిడజోల్ అనే మందును ఒక ఏకకణ పరాన్నజీవి కోసం తయారుచేశారు. మన ఇళ్ళల్లో అమీబా విరేచనాలకు డాక్టర్లు రాసేది ఈ మందే. 1962లో లండన్‌లో షిన్ అనే దంతవైద్యుడు ఒక వింత విషయం ప్రకటించాడు. పరాన్నజీవికోసం ఈ మందు వాడిన రోగికి, అడగకుండానే చిగుళ్ళ పుండ్లు కూడా మానిపోయాయి! ఆ పుండ్లకు కారణం గాలి గిట్టని క్రిములు. అలా మందుకు కొత్త పని దొరికింది. 1976లో ఇంగ్లండులోని లూటన్ పట్టణంలో విల్లిస్ బృందం ఉండుకం ఆపరేషన్లలో ఈ మందును పరీక్షించి, ఇచ్చినవారిలో బాక్టీరాయిడిస్ వల్ల వచ్చే చీము బాగా తగ్గిందని చూపింది. ఈ నాటికీ సెఫజోలిన్ వంటి మందుతో మెట్రోనిడజోల్‌ను జతచేసి ఇచ్చే పద్ధతి ఉంది. ఒకటి ఈ. కోలై వంటివాటికి, రెండోది గాలి గిట్టనివాటికి.

లెక్క తేల్చిన మాట

గినీ పందుల్లో తేలినది మనుషుల్లో కూడా నిజమేనా? అమెరికాలోని యూటా రాష్ట్రంలో 2,847 మంది రోగుల వివరాలను పరిశీలించి 1992లో ప్రకటించారు. అవి ఉండుకం ఆపరేషన్లు కావు. ముందుగా రోజు నిర్ణయించుకుని చేసిన ఇతర ఆపరేషన్లు. కోతకు ముందు రెండు గంటల లోపు మందు అందినవారిలో గాయానికి చీము పట్టినది వెయ్యికి 6 మందికి. కోత పెట్టాక మూడు గంటల లోపు అందినవారిలో వెయ్యికి 14. మూడు గంటలు దాటాక అందినవారిలో వెయ్యికి 33. మరీ ముందుగా, అంటే రెండు గంటలకంటే ముందే ఇచ్చినవారిలో వెయ్యికి 38! చూశారా, ఆలస్యమే కాదు, మరీ తొందర కూడా పనికిరాదు. మందు కోతవేళకు రక్తంలోంచి తగ్గిపోతుంది కాబోలు.

ఇక ఉండుకం సంగతి. దేశదేశాల్లో జరిగిన 45 పరిశోధనలను ఒక్కచోట చేర్చిన సమీక్ష 2005లో వచ్చింది. మొత్తం 9,576 మంది రోగులు. కొందరికి ఆంటీబయాటిక్, కొందరికి మందులేని ఉత్తుత్తి మోతాదు ఇచ్చి పోల్చారు. మందు అందినవారిలో గాయానికి చీము పట్టడమూ తగ్గింది, కడుపు లోపల చీముగడ్డలు రావడమూ తగ్గింది. కొన్ని పరిశోధనల్లో మందు ముందు ఇచ్చారు, కొన్నింటిలో మధ్యలో, కొన్నింటిలో తర్వాత. అన్నింటా మేలు కనబడింది. అయినా బర్క్ పరిశోధన, యూటా లెక్కలు చూపిన కారణం చేత, ముందు ఇవ్వడమే సరైన పద్ధతిగా నిలిచింది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ గదుల కోసం తయారుచేసిన ప్రశ్నల పట్టికలో "గడచిన 60 నిమిషాల్లో ఆంటీబయాటిక్ ఇచ్చారా?" అన్న ప్రశ్న కూడా చేర్చింది.

మరి తర్వాత ఎందుకివ్వలేదు?

నాయనమ్మ ప్రశ్న మిగిలింది కదూ! గాయాన్ని కుట్టేశాక కొత్త క్రిములు లోపలికి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ఉండుకం పగలకుండా ఉంటే, ముందిచ్చిన మందు చేయవలసిన పని అప్పటికే చేసేసింది. ఆపరేషన్ గంటల తరబడి సాగితే మధ్యలో ఇంకో మోతాదు ఇస్తారు. అంతకుమించి పొడిగించవద్దని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

ఉండుకం పగిలితే మాత్రం సంగతి వేరు. అప్పటికే క్రిములు కడుపులో వ్యాపించి ఉంటాయి. అది నివారణ కాదు, చికిత్స. కాబట్టి డాక్టరు చెప్పినన్ని రోజులు మందు వాడి తీరాలి.

"ఎక్కువ వాడితే పోయేదేముంది?" అంటారా? చాలా పోతుంది! మందు మంచి క్రిములను, చెడ్డ క్రిములను వేరుచేసి చూడదు. పేగులోని స్నేహితులు చచ్చిపోతే విరేచనాలు పట్టుకోవచ్చు. అంతకంటే పెద్ద ముప్పు ఇంకోటుంది. ప్రతిసారీ మందుకు లొంగినవి చచ్చి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూనే ఫ్లెమింగ్ ఈ ముప్పు గురించి హెచ్చరించాడు. 2019 ఒక్క సంవత్సరంలోనే మందులకు లొంగని బాక్టీరియాల కారణంగా ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించారని అంచనా. మందుల షాపులో అడిగి తెచ్చుకునే "బలమైన బిళ్ళ" రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచేయకుండా పోవచ్చు.

నాయనమ్మ ఒప్పుకుంది. కుర్రవాడు సెలవుల తర్వాత బడికి వచ్చాడు. గాయం సన్నని గీతలా మానింది. మా అన్నయ్య పొట్టమీద మచ్చ ఇప్పటికీ వేలెడు వెడల్పు ఉంటుంది.

పిల్లలూ! మీరు గుర్తుంచుకోవలసినవి మూడే మాటలు. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు పొత్తికడుపుకు దిగే నొప్పిని దాచకండి, ఆముదం తాగకండి, వెంటనే పెద్దలకు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. డాక్టరు రాసిన ఆంటీబయాటిక్‌ను చెప్పినట్లే వాడండి. రాయనిదాన్ని అడిగి వాడకండి.

ఇక ఒక చిన్న పని. 20 నిమిషాలకు రెట్టింపయ్యే బాక్టీరియాలు మొదట పది ఉన్నాయనుకోండి. నాలుగు గంటలకు ఎన్ని అవుతాయి? మందు మొదట్లోనే వాటిలో తొమ్మిదిని చంపేస్తే, మిగిలిన ఆ ఒక్కటి నాలుగు గంటలకు ఎన్ని అవుతుంది? లెక్క కట్టి చూడండి. ముందు పడిన మందు విలువ మీకే తెలుస్తుంది.